‘మీ అమ్మకి చెప్పావా?’ అని అడిగిన మేడం

గత శుక్రవారం పొద్దున్న మా జువాలజీ మేడం చనిపోయారు. ఆ వార్త మా ఇంటికి ఫోన్‌లో వచ్చింది. నేను కాలేజీకి జడ వేసుకుంటున్నాను. అమ్మ ఎవరి జాకెట్టుకో హుక్కులు కుడుతోంది. ఫోన్ విని, సూదిని గుడ్డకి గుచ్చి, "ఓలమ్మా... మేడం గారు ఎల్లిపోనారే" అంది.

నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు వచ్చిందేమిటో చెప్పకుండా ఆవిడ గురించి రాయలేను. హమ్మయ్య అనిపించింది. నా రహస్యం ఒకటి ఈ లోకంలో ఆవిడ ఒక్కరికే తెలుసు. ఇక ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. అలా అనుకున్నానని నాకే అర్థమయ్యేసరికి చేతిలో రిబ్బన్ జారిపోయింది. నేను ఏడుస్తున్నాననుకుని అమ్మ దగ్గరికి తీసుకోబోయింది. వెనక్కి జరిగాను. అమ్మ దగ్గరికొస్తే వెనక్కి జరగడం అప్పటికే నాకు అలవాటైపోయింది.

రహస్యం ఇది. నా ఎడమ రొమ్ములో ఒక గడ్డ ఉంది. వేసవి సెలవుల్లో స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. గోలీ అంత ఉంటుంది. నొప్పి లేదు. నొప్పి లేదనే ఎక్కువ భయం వేసింది, ఎందుకంటే నేను బైపీసీ, ఫోన్‌లో దొరికిందల్లా చదివేశాను. రొమ్ము అన్న మాట ఇంగ్లీషులో అయితే బొమ్మ పక్కన గీత గీసి రాసే ఒక పేరు, అంతే. తెలుగులో రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియమే. తెలుగులో ఇంత పొడుగ్గా ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మేడం జ్ఞాపకార్థం వేస్తున్న ఈ పుస్తకం చదివే మీలో ఎక్కువమంది ఆవిడ దగ్గర కాలేజీలో చదువుకున్నవాళ్లు. మీకు తెలిసిన మేడం బోర్డు నిండా రంగు చాక్‌పీసులతో గుండె బొమ్మ గీసిన మనిషి. నాకు తెలిసిన మేడం రిటైరై, జబ్బు చేసి, అరసవల్లిలో మా వీధిలో ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ట్యూషన్ చెప్పిన మనిషి. నాతోపాటు ఇంకో నలుగురు వచ్చేవారు. జబ్బు పేరు బయటికి రాగానే వాళ్లని మాన్పించేశారు. అంటుకుంటుందేమోనని. మా అమ్మ మాన్పించలేదు. "అంటుకునేదయితే ఆ కోడలికి అంటుకోదేటి? నువ్వెల్లు" అంది. అయితే అమ్మ కూడా ఎప్పుడూ కేన్సర్ అనలేదు. ‘ఆ జబ్బు’ అనేది, అదీ గొంతు తగ్గించి.

మేడం అలా కాదు. ఆపరేషన్ అయ్యాక ఒకరోజు చంకలో సంచీ పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. అమ్మ గబగబా తలుపు వేసింది.

"తలుపెందుకే? ఉక్కబోసి చస్తాం. ఇదిగో ఈ జాకెట్టు. ఈ పక్క లేదు కదా, ఇక్కడ గుడ్డ మడతపెట్టి కుట్టు. పమిట నిలబడతం లేదు."

"సిన్నగా మాటాడండి మేడం గారూ, వీధిలోకి ఇనబడతాది."

"ఇనబడనీ. ఎవరింట్లో గిన్నెలెత్తుకొచ్చానే గుసగుసలాడ్డానికి? కేన్సరొచ్చింది, కోసీసారు."

అమ్మ టేపు పట్టుకుని కిందకి చూస్తూ కొలత తీసింది. మా అమ్మ ఆ చుట్టుపక్కల ఆడవాళ్లందరికీ జాకెట్లు కుడుతుంది. నేను గోడవైపు తిరిగి పుస్తకం చదువుతున్నట్టు నటించాను. అంతలో మేడం, "ఒసే, పేజీ తిప్పడం లేదు నువ్వు" అన్నారు. ఆవిడకి అలాంటివి కనబడతాయి.

ఆవిడ అలవాట్లు కొన్ని మీకూ గుర్తుండే ఉంటాయి. కణాలన్నిటినీ వీడు, వాడు అనడం. మనం చెప్పింది సరిగ్గానే ఉన్నా "ఇప్పుడు పుస్తకం మూసి నీ మాటల్లో చెప్పు" అనడం. జబ్బు చేశాక ఇంకో అలవాటు వచ్చింది. మందులకి ఆవిడ నాలుక చచ్చిపోయింది. వాళ్ల కోడలు అక్క గోంగూర పచ్చడి కలిపి పెడితే, ఆ ముద్ద నాకిచ్చి, "తిని ఎలా ఉందో చెప్పు" అనేవారు. పుల్లగా ఉంది అంటే ఒప్పుకునేవారు కాదు. "ఎంత పులుపు? దవడల దగ్గర లాగిందా, కళ్లు మూసుకుపోయాయా?" నేను చెబుతుంటే ఆవిడ గొంతులోనూ గుటక పడేది.

విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి మూడు వారాలకోసారి వెళ్లి మందు ఎక్కించుకుని వచ్చేవారు. మర్నాడు చేతి మీద దూది, ప్లాస్టరు ఉండగానే పాఠం. ఒక సాయంత్రం నేను అడిగాను, ఆ సెలైన్ సంచీలో ఏముంటుంది మేడం అని. "సిలబస్‌లో ఉన్నదే ఉంటాది. ఆంటీబాడీలు. నువ్వు బట్టీపట్టిన వై ఆకారం వాడు" అన్నారు. లోపలికి కేకేసి ముగ్గుపిండి తెప్పించుకున్నారు. వంగలేరు కాబట్టి నన్నే గీయమన్నారు.

"పెద్ద సున్నా చుట్టు. వీడు కేన్సర్ కణం. వీడి చుట్టూ చిన్న చిన్న పుల్లలు పెట్టు. వీటి పేరు హర్-టూ. మంచి కణాలకీ ఉంటాయి, ఒకటీ అరా. వీడికి ఒళ్లంతా. ‘పెరుగు, పెరుగు’ అన్న కబురు వీటి మీదే లోపలికెళ్తాది. ఇప్పుడు వై గియ్యి. రెండు చేతులూ పుల్లని పట్టుకోవాలి, తోక బయటికి ఉండాలి."

గీశాను.

"చచ్చాడా వీడు?"

"చచ్చాడు మేడం."

"ఎలా చస్తాడే? పట్టుకుంటే చచ్చిపోతారా? కబురు కొంత ఆగింది, అంతవరకే. ఇప్పుడు పక్కన ఇంకో సున్నా. ఎన్‌కే సెల్, మన రక్తంలో కాపలావాడు. వీడి ఒంటి మీద చిన్న నోళ్లు పెట్టు. ఆ నోళ్లు దేన్ని పట్టుకుంటాయి?"

నేను కేన్సర్ కణాన్ని అన్నాను. ఆవిడ తల కొట్టుకున్నారు.

"తోకనే మొద్దూ! ఆంటీబాడీ తోకని. వీడికి కేన్సర్ వాడు ఎదురుగా ఉన్నా ఒక్కోసారి ఆనవాలు దొరకదు. తోకలు వరసగా కనబడితే అప్పుడు అతుక్కుంటాడు. అతుక్కుని పర్ఫొరిన్‌తో బెజ్జం పెడతాడు, గ్రాంజైమ్‌లు లోపలికి తోస్తాడు. అవి వెళ్లి ‘నువ్వు చచ్చిపో’ అని చెప్తాయి. వాడు వాడంతట వాడే ముక్కలైపోతాడు. ఆ ముక్కల్ని మాక్రోఫేజ్ మింగీస్తాడు. ఒక్కోసారి తోక పట్టుకుని వాణ్ణి మొత్తంగానే మింగీస్తాడు."

కోడలు అక్క దీపం పెట్టడానికి వచ్చి, నేల చూసి, "ఏటత్తయ్యా ఇది, సంజవేళ ఈ తోకల ముగ్గేటి?" అంది.

"ఇదీ దండకమే. నువ్వు దీపం పెట్టు" అన్నారు మేడం.

నాకు అప్పటికీ అనుమానం పోలేదు. పట్టుకున్నవాడే చంపెయ్యొచ్చు కదా అన్నాను. అప్పుడు చెప్పారు, ఒకసారి రథసప్తమికి గుడి దగ్గర తోపులాటలో వాళ్ల అత్తగారి మెడలో గొలుసు ఒకడు లాగాడట. ఆ ముసలావిడ వాడి చొక్కా రెండు చేతులా పట్టుకుని "ఓలమ్మో" అని అరిచిందట. కొట్టే బలం ఆవిడకెక్కడిది? అంతమందిలో దొంగెవరో కానిస్టేబుల్‌కి ఏం తెలుసు? అరుపు వచ్చిన చోటికి వచ్చాడు, పట్టుకున్న చేతుల్ని చూశాడు, అప్పుడు వాడి వీపు వాయించాడు. "పట్టుకునే చెయ్యి వేరు, కొట్టే చెయ్యి వేరు. రెండూ ఉండాలి" అన్నారు. వెంటనే, "ఈ కథ పరీక్షలో రాసీకు, సున్నా వస్తాది" అని కూడా అన్నారు.

ఆ రాత్రి నేను నా గడ్డ గురించి ఆలోచించాను. దాని మీద పుల్లలున్నాయో లేదో. మర్నాడు ట్యూషన్‌లో చాలా మామూలుగా, పెన్ను క్యాప్ కొరుకుతూ, అడిగాను.

"మేడం, ఇది పదహారేళ్లవాళ్లకి కూడా వస్తుందా?"

"ఏ చాప్టర్‌లో ఉందే ఆ ప్రశ్న?"

"ఊరికే. జనరల్ నాలెడ్జ్."

ఆవిడ కాసేపు కిరణజన్య సంయోగక్రియ చదివించారు, అది ఆవిడ సబ్జెక్టు కూడా కాదు. తర్వాత కోడలు అక్కని పాలకని పంపించి, "ఎక్కడ?" అన్నారు.

నా చెయ్యి దానంతటదే దుపట్టా మీదకి వెళ్లింది. ఆవిడకి అది చాలు.

ముట్టుకుని చూడమన్నా చూడలేదావిడ. "నా చేతికి ఏం తెలుస్తాది? స్కానింగ్‌కి తెలుస్తాది. నీ వయసులో నూటికి ఎక్కువ పాళ్లు ఏమీ కాదే. కానీ ఏమీ కాదని నువ్వూ నేనూ చెప్పుకుంటే సరిపోదు. మీ అమ్మకి చెప్పు" అన్నారు.

"పరీక్షలయ్యాక చెప్తాను మేడం."

అప్పుడు మేడం ముఖం మారింది. కోప్పడతారనుకున్నాను. ఆవిడ తన సంగతి చెప్పారు. అది మీలో ఎవరికీ తెలిసి ఉండదు. వాళ్ల కోడలికి తెలుసు. ఇక్కడ రాస్తానంటే రాయమంది.

మేడం అత్తవారిది తరతరాలుగా గుడి సేవ చేసే ఇల్లు. పెద్ద గుడి కాదు, మా వీధి వెనక చిన్న గుడి. నైవేద్యం వండడానికి ఆ వంశంలో ఇళ్లకి వంతులుంటాయి. వంతు వచ్చిన నెల ఇంటి పెద్ద కోడలే మడి కట్టుకుని వండాలి. ఒంటి మీద పుండుగానీ కుట్లుగానీ కట్టుగానీ ఉంటే పొయ్యి ముట్టుకోకూడదు. అది వాళ్లింటి పద్ధతి. మేడంకి గడ్డ చేతికి తగిలింది సరిగ్గా వంతు ముందు. డాక్టరు దగ్గరికి వెళితే ముక్క తీస్తారు, కుట్లు పడతాయి. అందరూ ఎందుకని అడుగుతారు. ఎక్కడ అని అడుగుతారు. చెప్పాల్సి వస్తుంది.

"వంతు అవనీ అనుకున్నాను. వంతయ్యాక పేపర్లు దిద్దడం. అదయ్యాక నా కోడలి సీమంతం. శుభకార్యం ముందు ఇదేటని. ఇన్నేళ్లు క్లాసులో ఆడపిల్లల ముందూ మగపిల్లల ముందూ ఒంట్లో ప్రతి భాగం పేరు పెట్టి చెప్పాను, ఎప్పుడూ సిగ్గుపడలేదు. నా ఒంటికొచ్చేసరికి పైట కప్పుకుని కూర్చున్నాను. ఆఖరికి నొప్పి మొదలైతే వెళ్లాను."

ఆవిడ ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికయ్యేది.

"ముందు వెళ్లి ఉంటే తగ్గేదా మేడం?"

"ఏమో. తెలీదు. తెలీనప్పుడు తెలీదనాలి. కానీ వాళ్లు తక్కువమంది ఉన్నప్పుడు పట్టుకోడం వేరు. ఆలస్యమైతే రకరకాలవాళ్లు తయారవుతారు. కొందరు పుల్లలు తీసేసుకుంటారు, పట్టుకోడానికేమీ ఉండదు. కొందరి చుట్టూ మనవాళ్లు చేరతారు గానీ, అక్కడి గాలికి మత్తెక్కినట్టు ఊరుకుండిపోతారు. ఇప్పుడు నాకలాగే ఉన్నట్టుంది. మందు పట్టుకుంటంది. వచ్చినవాళ్లు కొట్టడం లేదు." తర్వాత, "మీ అమ్మకి చెప్తావా, నేను చెప్పనా?" అన్నారు.

నేనే చెప్తాను, మీరు ఎవరికీ చెప్పకండి అన్నాను. సరే, చెప్పనన్నారు. అప్పటి నుంచీ ట్యూషన్‌కి వెళ్లగానే ఆవిడ మొదటి మాట అదే. "చెప్పావా?" నేను రేపు అనేదాన్ని. నాన్న ఇంట్లో ఉన్నారు అనేదాన్ని. అమ్మకి పెళ్లి ఆర్డర్లున్నాయి అనేదాన్ని. ఆవిడ విని, పుస్తకం తెరిచేవారు. ఇంటి దగ్గర ఫ్రెషర్స్ డేకి అమ్మ నాకు లంగా ఓణీ కుడతానని టేపు పట్టుకొస్తే, కొలతలు వద్దని పాత జాకెట్టు ఆదికిచ్చాను. అమ్మ టేపుకి నన్ను దొరకనివ్వలేదు. నాకే నా మీద అసహ్యం వేసేది, అయినా అలాగే చేసేదాన్ని.

తర్వాత మేడం మంచాన పడ్డారు. నేను వెళ్లడం తగ్గించాను. పరీక్షలన్నాను. అసలు కారణం ఆ ప్రశ్న.

శుక్రవారం అమ్మా నేనూ వాళ్లింటికి వెళ్లాం. మేడంని హాల్లో పడుకోబెట్టారు. అమ్మ సరిచేసి కుట్టిన జాకెట్టే వేశారు. ఆడవాళ్లు గోడ పక్కన కూర్చుని ‘ఆ జబ్బు’ అని మెల్లగా మాట్లాడుకుంటున్నారు. నేను కాళ్ల దగ్గర నిలబడ్డాను. కోడలు అక్క నన్ను చూసి లేచి వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"నిన్ననే అడిగారే అత్తయ్య నీ గురించి. మాట రావడం లేదు, అయినా రెండుసార్లు అడిగారు. ‘ఆ పిల్ల వాళ్లమ్మకి చెప్పిందా’ అని. నాకేమీ అర్థం కాలేదు. ఏటి చెప్పాలి నువ్వు?"

అమ్మ నా పక్కనే ఉంది. "ఏటే సెప్పాల?" అంది.

మేడం ఆఖరి రోజు వరకూ నా సంగతి సొంత కోడలికి కూడా చెప్పలేదు. నాకిచ్చిన మాట నిలబెట్టుకున్నారు. నేను ఆవిడ కాళ్ల దగ్గరే నిలబడి, "యూనిట్ టెస్ట్ మార్కులమ్మా, తక్కువొచ్చాయి" అన్నాను. అంత చక్కగా, తడబడకుండా అన్నాను. కోడలు అక్క పాపం నా తల నిమిరింది. "మార్కులకేటే, మళ్లీ తెచ్చుకుంటావు" అంది. ఆ నిమరడం తట్టుకోలేకపోయాను. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చేశాను.

అమ్మ నా చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాలే వచ్చింది. "ఎండకి కాళ్లు కాల్తాయే, ఒసే, ఆగే!" లాడ్జీల ముందు ఆటోలు, మొక్కులకొచ్చిన జనం. నేను ఆగలేదు. కొబ్బరికాయల కొట్టు దాటాక అమ్మ నా జడ పట్టుకుని ఆపింది.

"మార్కులకి ఇలాగేడవవు నువ్వు. ఏటైనాది? ఎవుడైనా ఏటైనా అన్నాడా?"

అక్కడ, రోడ్డు పక్కన, చెప్పాను. ఇంగ్లీషు మాట ఒకటి మధ్యలో పెట్టి చెప్పాను. అమ్మకి అర్థం కాలేదు. తెలుగులో మళ్లీ చెప్పాను.

అమ్మ చెప్పులు కింద పడేసింది. కొడుతుందనుకున్నాను. "ఎన్నాళ్లయినాది?" అంది. వేసవి నుంచి అన్నాను. అమ్మ అక్కడే ఒక కొట్టు మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఊరందరి కొలతలూ తీస్తన్నాను. ఎవుత్తి లావైనాదో ఎవుత్తి సిక్కిందో నా సేతికి తెలిసిపోతాది. కన్నకూతురి ఒళ్లు సూసుకోలేదు నాను." చీర చెంగుతో ముఖం తుడుచుకుని, "మేడం గారికి సెప్పినావు. నాకు సెప్పలేదు" అంది. ఆ మాట తిట్టులా అనలేదు. అందుకే అది ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

"సోమవారం నుంచి పరీక్షలమ్మా. అయ్యాక వెళ్దాం" అన్నాను. అంతా చెప్పాక కూడా ఆ మాట వచ్చింది నా నోట్లోంచి. మేడం వంతు సంగతి అప్పుడు అమ్మకి తెలియదు. అయినా అమ్మ, "పరీచ్చలు ఎదవ పరీచ్చలు! రేపు బేగి లెగు" అంది.

మర్నాడు నాన్న ఆటోలోనే శ్రీకాకుళంలో స్కానింగ్‌కి వెళ్లాం. అమ్మ నాన్నకి ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆయన దారంతా గుంతలు తప్పించి మెల్లగా నడిపారు. అక్కడి డాక్టరమ్మ మెత్తగానే మాట్లాడారు. ఈ వయసులో ఇలాంటివి ఎక్కువగా మామూలు గడ్డలేనన్నారు, అయినా సూదితో ముక్క తీసి పరీక్షకి పంపించారు. ఇది రాస్తున్నప్పటికి రిపోర్టు రాలేదు. నాకు భయం పోలేదు. మేడం అడిగినప్పుడే ఎందుకు చెప్పలేదా అన్న సిగ్గు అంతకంటే పోలేదు. ‘చెప్పాను మేడం’ అనడానికి నాకు ఒక్కరోజు ఆలస్యమైంది.

అయితే ఆ రోజు లోపలికి పిలవకముందు జరిగింది ఆవిడకి చెప్పాలని ఉంది, అందుకని మీకు చెబుతున్నాను.

కౌంటర్ దగ్గర అమ్మాయి ఏం ప్రాబ్లమని అడిగింది. నేను ముందుకి వంగి ఇంగ్లీషులో మెల్లగా చెప్పబోయాను. అమ్మ నన్ను పక్కకి జరిపి, హాలంతా వినబడేలా, "రొమ్ములో గడ్డమ్మా, మా గుంటకి" అంది. నా చెవులు కాలిపోయాయి. బెంచీ మీద వరసగా కూర్చున్న ఆడవాళ్లందరూ తలెత్తి నన్నే చూశారు. నేల చీలితే బాగుండుననుకున్నాను.

"ఇలా రామ్మా, కూకో" అని ఒకావిడ సంచీ ఒళ్లో పెట్టుకుని జరిగింది. ఆవిడ పక్కావిడ జరిగింది. "నాదీ అదే. మా ఇంట్లో ఒంట్లో నీరసమని సెప్పి వచ్చీసినాను" అంది మూడో ఆవిడ, నవ్వుతూ. అమ్మా నేనూ ఇరుక్కుని కూర్చున్నాం.

"భయపడకే పిల్లా" అని ఎవరో అన్నారు. అమ్మ కొంగు సర్దుకుంది. "మా వీధిలో మేడం గారని ఒకావిడ ఉండీవోరండీ" అని మొదలుపెట్టింది. "నిన్ననే పోనారు. ఆవిడకి కేన్సరు." మా అమ్మ నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. గొంతు తగ్గించలేదు. బెంచీ చివరావిడకి కూర్చోడానికి సగం చోటే మిగిలింది. పడిపోకుండా ఒక కాలు నేలకి తన్నిపెట్టి, మిగతా కథ వినడానికి మెడ మావైపు చాచింది.